స్టేషన్‌లో ఏది చెప్పాలి, ఏది చెప్పకూడదు

చిరంజీవికి ఆశీస్సులు.

స్టేషన్‌ నుంచి ఫోన్ వచ్చిందని విన్నాను. ఫోన్ మాటకే పరుగెత్తకు. "తప్పకుండా వస్తాను సార్, నోటీసు ఇప్పించండి" అని మర్యాదగా అడుగు. కాగితం చేతికొచ్చాక సెక్షన్ చూడు. బీఎన్‌ఎస్‌ఎస్ (దర్యాప్తు, అరెస్టు ఎలా చేయాలో చెప్పే చట్టం, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 179 అయితే సాక్షిగా పిలుస్తున్నారు. 35(3) అయితే అనుమానం నీమీదే. రెండిటికీ వెళ్లాల్సిందే, 35(3)కి ఎగ్గొడితే అరెస్టుకు నువ్వే దారి ఇచ్చినట్టు. 179 కింద ఆడవాళ్లను, అరవై దాటినవాళ్లను మాత్రం ఇంటి దగ్గరే విచారించాలి.

పేరు, చిరునామా అడిగితే చెప్పేయ్. అక్కడ మౌనం పనికిరాదు.

అసలు సంగతి దగ్గరే జాగ్రత్త. నిన్ను నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబివ్వనక్కర్లేదని రాజ్యాంగం 20(3), బీఎన్‌ఎస్‌ఎస్ 180 చెబుతున్నాయి. సాక్షిగా పిలిచినా 180 నీకు అండగా ఉంటుంది. మిగతావాటికి నిజమే చెప్పాలి. అబద్ధమాడితే అదో కొత్త కేసు. తల దించుకుని కూర్చోకు, నోటితోనే చెప్పు: "సార్, దీనికి జవాబిస్తే నేను కేసులో ఇరుక్కునేలా ఉంది. లాయరుగారితో మాట్లాడాక చెబుతాను." ఎన్నిసార్లు అడిగినా అదే మాట, అదే గొంతు.

గద్దించినప్పుడు కన్నా, టీ తెప్పించి "కేసు సంగతి వదిలెయ్, ఊరికే చెప్పు, ఆ రాత్రి ఎక్కడున్నావ్?" అన్నప్పుడే చాలామంది నోరు జారతారు. ఒకదానికి జవాబిస్తే దాని తోక పట్టుకుని పది వస్తాయి. సగం చెప్పి సగం దాచడం అన్నిటికన్నా ప్రమాదం.

పోలీసుల దగ్గర ఒప్పుకున్నా కోర్టులో చెల్లదులే అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకు. కస్టడీలో నువ్వు చెప్పిన చోట వస్తువు దొరికితే, అది దొరకడానికి కారణమైన మాట మేరకు సాక్ష్యమవుతుంది.

దర్యాప్తులో వాళ్లు రాసుకున్న వాంగ్మూలం మీద నీ సంతకం తీసుకోకూడదు, బీఎన్‌ఎస్‌ఎస్ 181 చూపించు. తెల్లకాగితం మీద చచ్చినా పెట్టకు. నోటీసు అందినట్టు పెట్టే సంతకం వేరు. చదివి, తేదీ, టైము వేసి పెట్టు.

అరెస్టు చేసి విచారిస్తే మధ్యలో లాయరును కలిసే హక్కు బీఎన్‌ఎస్‌ఎస్ 38 ఇస్తుంది. మొత్తం సేపూ పక్కన కూర్చోనివ్వరు కాబట్టి వెళ్లేముందే ఆయనతో అన్నీ మాట్లాడుకో. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చెయ్యి, న్యాయ సేవల సంస్థవాళ్లు పలుకుతారు.

అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలియజేయాలి, ప్రయాణం కాక 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అక్కడ మాత్రం మౌనం వద్దు నాయనా. దెబ్బలు తగిలి ఉంటే చూపించు, వైద్యపరీక్ష చేయించమని అడుగు, అది రికార్డులో రాయించు.