సగంలో ఆగిన నీటి విమానాన్ని అమ్మేదెలా?

ప్రశ్న: మా మావగారు పదకొండేళ్ల క్రితం ఆస్ప్రే-2 ప్లాన్లు తెప్పించుకుని, నేల మీదా నీటి మీదా దిగే రెండు సీట్ల విమానం కట్టడం మొదలుపెట్టారు. హల్ (పడవలాంటి ఒళ్లు), తోక అయ్యాయి. రెక్కలు స్పార్లు (పొడవాటి దూలాలు), రిబ్బుల (అడ్డపట్టీల) దగ్గర ఆగిపోయాయి. లైకమింగ్ ఓ-320 ఇంజను అప్పటినుంచీ పెట్టెలోనే ఉంది. ఇప్పుడాయనకు చూపు సరిగా ఆనడం లేదు, అమ్మేద్దామంటున్నారు. బిల్లులన్నీ కూడి ఆ మొత్తం అడగొచ్చా? ముందు రంగు వేయిస్తే నయమా?
– ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: అడగడానికేం, అడగొచ్చు. ఇచ్చేవారు మాత్రం దొరకరు. ఇన్నేళ్ల చెమటకు ఈ బేరంలో ఎవరూ విలువ కట్టరు. కొనేవాడు తన కళ్లతో చూసి, కొలిచి, కాగితంతో సరిపోల్చుకోగలిగిన వాటికే డబ్బిస్తాడు. కాబట్టి బిల్లుల కట్ట పక్కన పెట్టి, షెడ్డులో ఉన్నదంతా ఒక పుస్తకంలోకి ఎక్కించండి.

ముందు విడిగా అమ్ముడుపోయేవి రాయండి: ఇంజను, ప్రొపెల్లర్, మీటర్లు, చక్రాలు, బ్రేకులు, కంట్రోల్ కేబుళ్లు, బోల్టులు. ప్రతిదానికీ పార్ట్ నంబరు, సీరియల్ నంబరు, కొన్న తేదీ ఉండాలి. బోల్టుల డబ్బా బోర్లించి ఏరండి. విమానాలకు వాడే మామూలు స్టీలు ఏఎన్ బోల్టు తల మీద ఎత్తుగా చిన్న క్రాసు గుర్తు ఉంటుంది. హార్డ్‌వేర్ షాపు బోల్టు మీద 8.8 లాంటి అంకె ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. రెండూ కలిసిపోయి ఉంటే కొనేవాడు డబ్బా మొత్తాన్నీ తుక్కు కిందే కడతాడు.

మీ సరుకులో బరువైన అంకె ఇంజనుదే, గొడవ వచ్చేదీ దాని దగ్గరే. లాగ్‌బుక్కులో మొత్తం గంటలు, ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) తర్వాతి గంటలు, చివరగా నడిచిన తేదీ వెతకండి. లైకమింగ్ ఈ ఇంజనుకు చెప్పే ఓవర్‌హాల్ గడువు 2000 గంటలు లేదా 12 ఏళ్లు, ఏది ముందొస్తే అది. కాబట్టి పెట్టెలో పదకొండేళ్లున్న ఇంజను తక్కువ గంటలే తిరిగినా గడువు అంచుకు వచ్చినట్టే. తెలిసినవాడు ఓవర్‌హాల్ ఖర్చు తీసేసే ధర చెబుతాడు. దాన్ని అన్యాయం అనుకోకండి.

ఇక హల్, తోక, రెక్కలు. వీటి ధర సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది. మూతలు వేయకముందు లోపలి అతుకుల ఫొటోలు, ఏ చెక్క, ఏ జిగురు, ఏ నెలలో అతికారు అన్న నోట్సు ఉంటే సామాను ఖరీదులో సగం దాకా అడగడం సబబే. అవేవీ లేకపోతే పావు వంతు వచ్చినా మంచి బేరమే. లోపల ఏముందో చూడటానికి కొత్త యజమాని ప్లైవుడ్‌కు కన్నాలు పెట్టుకోవాలి కదా. జిగురు కలిపిన రోజుల్లో అతికించి దాచిన ముక్కలేవైనా ఉన్నాయేమో మావగారిని అడగండి. సుత్తితో విరిస్తే చెక్క చీలాలి. జిగురు గీత వెంట నున్నగా విడిపోతే ఆ అతుకు పనికిరానిది.

అసలు ప్లాన్ల సెట్టు ధరలో భాగం. ఒక సెట్టుతో ఒక విమానమే కట్టాలన్నది ఇలాంటి డిజైన్లకు మామూలు షరతు. కాబట్టి నంబరున్న అసలు సెట్టే కొనేవారి చేతికివ్వాలి, జిరాక్సు కాదు.

రంగు మాత్రం వేయించకండి. పుట్టీ, రంగు పడ్డ హల్‌ను చూడగానే అనుభవజ్ఞుడికి వచ్చే మొదటి అనుమానం ‘దేన్ని కప్పారు?’ అనే.

ప్రశ్న: 2018 తిత్లీ తుఫానుకు షెడ్డు రేకులు లేచిపోయి హల్ రెండు రోజులు వానలో తడిసింది. ఆ సంగతి చెప్పాలా? (అదే ఉత్తరం నుంచి)

జవాబు: చెప్పాలి. తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని దాచడం 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసం కిందికొస్తుంది, బేరమే రద్దు కావచ్చు. అయినా రెండు రోజుల తడికి చెక్క పోదు. తడి లోపల నిలిచిపోతేనే పోతుంది.

రెండు సూదుల తేమ మీటరు తెచ్చి, వానలు వెళ్లాక ఫిబ్రవరిలోనో మార్చిలోనో కొలవండి. విమానపు చెక్కను అతికేటప్పుడు తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలంటారు. మన తీరంలో వానాకాలంలో అంతకంటే ఎక్కువే చూపిస్తుంది, దానికి కంగారు పడక్కర్లేదు. అదే జాతి చెక్క ముక్కను ఇంట్లో ఉంచి దానితో పోల్చండి. 20 శాతం దాటి అక్కడే నిలబడితే బూజు పట్టి కుళ్లడానికి దారి పడినట్టే. కీల్ (హల్ అడుగు నడిమి దూలం) అడుగు, స్టెప్ (హల్ అడుగున మెట్టులా తెగే చోటు) చుట్టూ, చక్రాలు ముడుచుకునే గూళ్లు, నీరు కారే కన్నాల అంచులు, ప్లైవుడ్ కోసిన అంచులు ముందు చూడండి. సన్నటి ఆరెతో గుచ్చినప్పుడు మెత్తగా దిగితే ఆ చోట చాక్‌పీసుతో గీసి ఫొటో తీయండి. స్టాండు కాళ్ల వెంట చెదల మట్టి గొట్టాలు పాకాయేమో చూడండి. తుఫాను కంటే చెదలే ఎక్కువ హల్‌లను తినేస్తాయి.

జార్జి పెరీరా గీసిన ఈ డిజైన్‌లో హల్ అడుగున పాలీయురెథేన్ ఫోమ్ అతికించి, చెక్కి, దాని మీద ఫైబర్‌గ్లాస్ వేస్తారు. రూపాయి బిళ్లతో అడుగంతా కొట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమనే చోట అతుకు బాగుంది, మొద్దుగా పలికే చోట గ్లాసు ఊడింది. గ్లాసు వేయని ఫోమ్‌కు ఎండ తగిలితే గోధుమరంగు పొడిగా రాలుతుంది. అంతమేర చెక్కేసి మళ్లీ వేయాల్సిందే, ఆ పని కొనేవాడికి వదిలి ధర తగ్గించండి.

స్టెప్‌కు ముందు మీటరు మేర అడుగును అల్యూమినియం స్ట్రెయిట్ ఎడ్జ్‌తో చూడటం మరవకండి. అక్కడ ఉబ్బు ఉంటే నీటి మీద వేగం అందుకునేటప్పుడు ముక్కు ఎగిరెగిరి పడుతుంది. లోపలికి గుంట ఉంటే ముక్కు కిందికి నొక్కుకుంటుంది. కొనేవాడు తప్పకుండా చూసే చోటు ఇదే.

ప్రశ్న: ఇలాంటి ప్రాజెక్టు ఒకటి కొనాలనుకుంటున్నాను. డబ్బిచ్చే ముందు హల్‌ను తాటిపూడి రిజర్వాయరులో తేల్చి చూపించమంటున్నాను. తప్పా?
– ఒక పాఠకుడు, గజపతినగరం

జవాబు: జాగ్రత్త మంచిదే, పరీక్ష మాత్రం తప్పు. రెక్కల తేలుడు బుడ్డలు లేని ఒంటి హల్ నీటిలో నిటారుగా నిలవదు, పక్కకు ఒరిగిపోతుంది. పైన వెనక్కి ఉండాల్సిన ఇంజను లేకుండా దించితే ముక్కు మునుగుతుంది. ఆ నీటి గీత చూసి మీకు తెలిసేదేమీ ఉండదు. ఇంజను బిగించి నీటి మీద పరుగు తీయించడం ఇంకా ప్రమాదం, వేగం హద్దు దాటితే అనుకోకుండా గాల్లోకి లేస్తుంది. రిజిస్ట్రేషన్ లేని యంత్రాన్ని ఎగరనివ్వడానికి చట్టం ఒప్పదు.

కారుతుందో లేదో షెడ్డులోనే తెలుస్తుంది. హల్ లోపలంతా ఎపాక్సీ వార్నిష్ పడి ఉంటేనే ఈ పరీక్ష. అడుగంతా పరుపు వేసిన ఊయలల మీద ఆనించి, లోపల రెండంగుళాల నీరు పోసి, బయట సుద్దపొడి రాసి, రాత్రంతా ఉంచండి. తడి మచ్చ వచ్చిన చోటే లీకు. చదరపు మీటరుకు రెండంగుళాలంటే 50 కిలోల నీరు. రెండు కొనల మీద ఆనించి పోస్తే హల్ వంగిపోతుంది. చక్రాలు బిగించి ఉంటే స్టాండు మీద ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించమనండి. చక్రాలను నిలిపే తాళం ప్రతిసారీ పడాలి.

ప్రశ్న: తుప్పు పట్టకుండా మా అబ్బాయి వారానికోసారి చేత్తో ఇంజను తిప్పుతున్నాడు. మంచిదేనా? (టెక్కలి ఉత్తరమే)

జవాబు: ఈరోజే మాన్పించండి. తిప్పినప్పుడల్లా సిలిండరు గోడల మీద నూనె పొర తుడిచిపెట్టుకుపోతుంది. ఈ ఇంజనులో క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది, నూనె కిందికి జారిపోయాక మొదట తుప్పు పట్టేది అదే. నిల్వ ఉంచే ఇంజన్లకు వాడే తుప్పు నిరోధక నూనె పోయించి, స్పార్క్ ప్లగ్గుల స్థానంలో సిలికా జెల్ ప్లగ్గులు బిగించండి. వాటిలోని నీలి గింజలు గులాబీ రంగుకు తిరిగితే మార్చాలి.

ప్రశ్న: కాగితాలు ఏం రాసుకోవాలి? లారీ ఎలా మాట్లాడాలి? (అదే ఉత్తరం)

జవాబు: ఒప్పందంలో ‘విమానం’ అని రాయకండి. ‘అసంపూర్తి విమాన ప్రాజెక్టు, విడిభాగాలు, ప్లాన్లు, ఎగరడానికి యోగ్యం కాదు’ అని రాయండి. తడిసిన సంగతి, చెక్కలో కనబడ్డ లోపాలు, సరుకు పట్టీ దానికే జతపరచండి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతులు కొనేవారి బాధ్యతే అన్న మాట ఉండాలి. ‘అనుమతి వచ్చేస్తుంది’ అని నోటిమాటగా కూడా చెప్పకండి. సామానులో విమాన రేడియో ఉంటే అనుమతి సంగతి తేల్చుకున్నాకే అమ్మండి.

ఇరవై అడుగుల కంటైనరు లోపలి పొడవు 5.9 మీటర్లు, తలుపు వెడల్పు 2.34 మీటర్లు. ఆరు మీటర్లు దాటే హల్ అందులో పట్టదు, నలభై అడుగులదో ఓపెన్ లారీయో కావాలి. ముందుగా హల్‌లో అన్నిటికంటే వెడల్పైన చోటు కొలవండి. రెక్కల చట్రాలను బల్లపరుపుగా పేర్చొద్దు, ముందంచు కిందికి పెట్టి దుప్పటి చుట్టిన ఊయలల్లో నిలబెట్టాలి. తాళ్లు స్పార్ల దగ్గరే పడాలి. రిబ్బుల మీద బిగిస్తే విశాఖ చేరేలోపే విరుగుతాయి. పైన టార్పాలిన్ కప్పినా వెనక వైపు గాలి ఆడనివ్వండి, లేకపోతే లోపల ఆవిరి పట్టి మీరు ఆరబెట్టిన చెక్క మళ్లీ తడుస్తుంది.