ఇగ్నిషన్ మార్పించిన బండి పోతే పాత తాళాలు ఎక్కణ్ణుంచి తేవాలి?

ప్రశ్న: మాది పొదలకూరు దగ్గర పల్లె. నిమ్మకాయల బస్తాలు తోలే బొలెరో పికప్ నాది, నేనే నడుపుకుంటా. ఇగ్నిషన్ అరిగిపోయి తాళం తిప్పినా స్టార్టయ్యేది కాదు. నెల్లూరులో మెకానిక్ దగ్గర సెట్ మొత్తం మార్పిస్తే రెండు కొత్త తాళాలు ఇచ్చాడు. డోర్లకు మాత్రం పాత తాళమే, అది ఒకటే మిగిలింది. తర్వాత ఇంటి ముందు పెట్టిన బండి రాత్రికి రాత్రి పోయింది, ఎఫ్ఐఆర్ కూడా అయింది. ఒరిజినల్ తాళాలు రెండూ ఇవ్వలేదని ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ కొట్టేశారు. ఆర్టీఓకు చెప్పకుండా మార్చడం నా తప్పా?

జవాబు: ఆ టెన్షన్ మీకు అక్కర్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలో రాసిన వివరాలు మారిపోయే మార్పుల గురించి మాట్లాడుతుంది. ఇగ్నిషన్ తాళం నంబరు ఆర్సీలో ఉండదు.

అసలు గొడవ తాళాలది. బండిలో తాళం వదిలేశారా, లేకపోతే ఎవరికో అమ్మేసి పోయిందంటున్నారా అని తేల్చుకోడానికే వాళ్లు తాళాలు అడుగుతారు (అలా అమ్మేసి క్లెయిమ్ వేసేవాళ్లూ ఉన్నారు మరి). ఇగ్నిషన్ వెనకాల ఉండే కరెంటు స్విచ్ ఒక్కటే మారిస్తే తాళం మారదు, తాళం దూరే బారెల్‌తో సహా మారిస్తేనే మారుతుంది, కాబట్టి మీ మెకానిక్ ఏం మార్చాడో కాగితం మీద ఉండాలి. స్పేర్ పార్ట్స్ షాపు బిల్లు, మీరు ఫోన్‌లో డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్, మెకానిక్ దగ్గర నోటరీ అఫిడవిట్ సంపాదించండి. కొత్తవి రెండూ, డోర్ తాళం కలిపి మూడూ అప్పగించి రసీదు తీసుకోండి. ఎవరో చెప్పారని పాత తాళానికి డూప్లికేట్ కొట్టించి ఇవ్వడం, పాత తేదీతో బిల్లు రాయించడం లాంటివి మాత్రం చెయ్యొద్దు, అవి పరీక్షలో దొరికితే నిజమైన కేసు కూడా మునిగిపోతుంది.

ఇవన్నీ జతచేసి, మళ్లీ పరిశీలించమని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. కదలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, మీరుండే జిల్లాలోనే కేసు వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. ఫీజు మీరు కట్టిన ప్రీమియం లెక్కన చూస్తారు, 5 లక్షల లోపైతే ఏమీ లేదు. సరుకు తోలే బండి కాబట్టి మీరు వినియోగదారుడే కాదని వాదిస్తారు చూడండి, కానీ స్వయం ఉపాధి కోసం వాడుకునేవాళ్లు వినియోగదారులేనని ఆ చట్టమే చెప్తోంది. ఒకవేళ నిర్లక్ష్యం అంటగట్టినా మొత్తం పోయినట్టు కాదు. 2023లో అశోక్ కుమార్ కేసులో డ్రైవర్ లారీలోనే తాళం వదిలేసినా సుప్రీంకోర్టు 75 శాతం ఇప్పించింది. మీరు అంత కూడా చెయ్యలేదు కదా.

క్లెయిమ్ తిరస్కరించిన తేదీ నుంచి రెండేళ్లలోపు కేసు వెయ్యాలి. పోలీసులు బండి దొరకలేదని ఇచ్చే ఫైనల్ రిపోర్ట్ కాపీ ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఫైనాన్స్ బాకీ ఉంటే కిస్తీలు ఆపకండి, బండి పోయినా అప్పు పోదు, క్లెయిమ్ డబ్బు వచ్చినా ముందు వాళ్లకే వెళ్తుంది.