మెయిల్ కళ్లముందే ఉంది, వెతికితే రాదు!

ప్రశ్న: మాది శుభలేఖలు, కరపత్రాలు వేసే ప్రెస్. మెయిళ్లు థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తాం, ఖాతా ఐమ్యాప్. కంప్యూటర్ మార్చినప్పటి నుంచి పాత మెయిల్ కోసం సబ్జెక్ట్‌లోని మాట కొడితే వస్తోంది, లోపలి మ్యాటర్‌లోని మాట కొడితే రావడం లేదు. ఫోల్డర్‌లోకి వెళ్తే మెయిల్ అక్కడే ఉంటోంది. ఇండెక్స్ ఫైల్ డిలీట్ చేయమని ఒకరన్నారు. చేయమంటారా? మెయిళ్లు పోతాయేమోనని భయం.
– ప్రెస్ యజమాని, తెనాలి

జవాబు: మెయిళ్లు ఎక్కడికీ పోవు, ముందు ఆ భయం వదిలేయండి. సబ్జెక్ట్ దొరుకుతోంది, లోపలి మాట దొరకడం లేదన్నారు చూడండి, అదే అసలు ఆనవాలు. ఐమ్యాప్‌లో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. సబ్జెక్ట్, పంపినవారి పేరు, తేదీ ముందుగా మీ కంప్యూటర్‌కు వస్తాయి. లోపలి మ్యాటర్ కూడా దిగితేనే థండర్‌బర్డ్ దాన్ని ఇండెక్స్‌లోకి, అంటే వెతకడానికి పెట్టుకునే మాటల పట్టికలోకి, ఎక్కించగలదు. మీరు క్లిక్ చేసినప్పుడు సర్వర్ నుంచి అప్పటికప్పుడు తెచ్చి చూపిస్తుంది కాబట్టి అంతా ఇక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది.

అందుకే ఇప్పుడే ఇండెక్స్ జోలికి వెళ్లకండి. అకౌంట్ సెట్టింగ్స్‌లో 'సింక్రనైజేషన్ అండ్ స్టోరేజ్' తెరవండి. అక్కడ 'మోస్ట్ రీసెంట్ 30 డేస్' అని ఉందేమో చూడండి. డిస్క్ నిండకుండా అలా పెడుతుంటారు. మీ పనికి అది సరిపడదు, మూడేళ్ల కిందటి కార్డు తెచ్చి ఇలాగే వేయండి అనేవాళ్లు మీ దగ్గరికి వస్తూనే ఉంటారు కదా. 'సింక్రనైజ్ ఆల్ మెసేజెస్' పెట్టండి. 'అడ్వాన్స్‌డ్' నొక్కి పాత ఫోల్డర్లన్నిటికీ టిక్ ఉందో లేదో చూసుకోండి. రాత్రికి సిస్టమ్ ఆన్‌లో వదిలేయండి. టూల్స్ మెనూలోని యాక్టివిటీ మేనేజర్‌లో పని ఎంతవరకు వచ్చిందో కనిపిస్తుంది.

అంతా దిగాక కూడా రాకపోతే అప్పుడు థండర్‌బర్డ్ పూర్తిగా మూసి, అది తన డేటా దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్‌లోని ఇండెక్స్ ఫైల్ 'గ్లోబల్-మెసేజెస్-డీబీ.ఎస్క్యూలైట్' ఒక్కటే తీసేయండి. అది పుస్తకం చివర ఉండే పదసూచి లాంటిది, చింపేసినా పేజీలకేమీ కాదు. మళ్లీ తెరవగానే కొత్తది తయారవుతుంది. పక్కనున్న 'మెయిల్', 'ఐమ్యాప్‌మెయిల్' ఫోల్డర్లను మాత్రం దయచేసి ముట్టుకోకండి, మెయిళ్లుండేది వాటిలోనే.

తెలుగు మ్యాటర్‌తో పనిచేసేవారు కాబట్టి ఇంకొకటి చెప్పాలి. పైనున్న పెట్టెలో వెతికితే మాటలవారీగా చూస్తుంది, 'ముహూర్తం' అని కొడితే 'ముహూర్తానికి' అని ఉన్న మెయిల్ తప్పిపోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కి, బాడీ, కంటెయిన్స్ ఎంచుకుని 'ముహూర్త' వరకే టైప్ చేయండి. రెండూ వస్తాయి. నెమ్మదిగా వెతుకుతుంది, అయినా తెలుగుకు నేను దీన్నే వాడతాను. అను ఫాంట్లలో కొట్టి మెయిల్‌లో అతికించిన పాత మ్యాటర్ మాత్రం ఇలా కూడా దొరకదు, యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి కంప్యూటర్ కోడ్) కాదు కాబట్టి కంప్యూటర్‌కు అవి తెలుగు అక్షరాలే కావు. వాటిని పంపినవారి పేరుతోనో తేదీతోనో పట్టుకోవాలి. అటాచ్‌మెంట్‌గా వచ్చిన పేజ్‌మేకర్ ఫైళ్లదీ అదే తీరు, ఫైలు లోపలి మాటలు ఇండెక్స్‌లోకి ఎక్కవు.

ఈలోగా ఎవరి మ్యాటరైనా అర్జంటుగా కావాలంటే, బ్రౌజర్‌లో మీ మెయిల్ ఖాతా తెరిచి అక్కడ వెతకండి. ఆ వెతుకులాట సర్వర్‌లోనే జరుగుతుంది, మీ కంప్యూటర్‌లోని ఇండెక్స్‌తో దానికి పనిలేదు.