గొర్రెలకు దవడ కింద నీరు: జలగ రోగమేమో చూడు

తమ్ముడూ, పోరుమామిళ్ల చెరువు అంచున మేసే నీ గొర్రెలకు దవడ కింద నీరు దిగుతోందని, ఫెన్‌బెండజోల్ రెండుసార్లు తాపినా తగ్గలేదని రాశావు. నాకు జలగ రోగమనే, అంటే కార్జంలో చేరే చదునైన పురుగుల వల్ల వచ్చే రోగమనే అనుమానం. ఆ మందు పేగుల్లోని నట్టలకు మంచిదే గానీ, కార్జంలోని జలగలకు మామూలు మోతాదులో చాలదు. కంటి రెప్ప తిప్పి చూడు, తెల్లగా పాలిపోయి ఉంటే రక్తం తగ్గినట్టే. పొట్ట నట్టలతోనూ ఇలా అవుతుంది కాబట్టి, తాజా పెంటికలు పశువుల ఆసుపత్రిలో పరీక్ష చేయించు. అయితే జలగ సోకిన రెండు మూడు నెలల దాకా గుడ్లు కనబడవు. చనిపోయిన జీవం ఉంటే కార్జం కోయించి చూడు, పిత్తనాళాల్లో ఆకుల్లాంటి పురుగులు దొరుకుతాయి.

ఆక్సిక్లోజనైడ్ ఎదిగిన జలగలకే, ట్రైక్లాబెండజోల్ పిల్ల జలగలకూ పనిచేస్తుంది. మోతాదు డాక్టరునే అడుగు. ఈ జలగ పిల్లలు నత్తల్లో పెరిగి గడ్డికి అంటుకుంటాయి కాబట్టి, నత్తలున్న తడి గడ్డిలో మాత్రం మేపొద్దు. ఆ నీటిలో పెరిగే ఆకులు ఇంట్లో ఎవరూ పచ్చిగా తినకండి. బొలీవియా ఎత్తైన పీఠభూమిలో మనుషులకూ ఈ రోగం బాగా ఉంది.