కలకత్తా మహిళల ఫుట్‌బాల్ లీగ్‌కు కన్యాశ్రీ కప్పుతోనే ఊపిరి వచ్చిందా?

కలకత్తా మహిళల ఫుట్‌బాల్ లీగ్ ఎప్పుడు మొదలైందని, కన్యాశ్రీ కప్పు అన్న పేరు వచ్చాకే దానికి ఊపిరి వచ్చిందన్న మాట నిజమేనా అని అడిగారు. 1990ల చివర్లో ఆ లీగ్‌లో రెండు సీజన్లు డిఫెండర్‌గా ఆడినదాన్ని కనుక రెండో ప్రశ్నకు జవాబు ముందే చెబుతున్నాను: నిజం కాదు.

పశ్చిమ బెంగాల్ ఫుట్‌బాల్‌ను నడిపే ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ లీగ్‌ను 1993లో ప్రారంభించింది. మగవాళ్ళ లీగ్ 1898లోనే మొదలైంది కాబట్టి మా వంతు రావడానికి 95 ఏళ్ళు పట్టిందన్నమాట. ఆడేవాళ్ళు లేక కాదు. భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన శాంతి మల్లిక్‌కు 1983లోనే అర్జున పురస్కారం వచ్చింది.

మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. వీధికి పది తెలుగు ఇళ్ళుండే రైల్వే క్వార్టర్లలో అన్నయ్య వెంటపడి ఆట నేర్చుకున్న నన్ను కలకత్తా నడిబొడ్డున ఉన్న పెద్ద బయలు మైదాన్‌లోని ఒక చిన్న క్లబ్ తీసుకుంది. ఒకసారి నాన్నగారు సెలవు పెట్టి మరీ నా ఆట చూడటానికి బయలుదేరారు. తెల్లవారుజామున లోకల్ రైలు ఎక్కి, హౌరాలో దిగి, బస్సు పట్టుకుని చేరేసరికి గేటు దగ్గర మైదానం చూసుకునే మాలీ "ఆజ్ ఖేలా హొబే నా" (ఈరోజు ఆట ఉండదు) అన్నాడు. ఆ మైదానం ఏ క్లబ్‌దో ఆ క్లబ్ మగవాళ్ళు అక్కడ సాధన చేసుకుంటున్నారు. మాకు కబురు పంపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నదియా జిల్లా నుంచి వచ్చిన మా గోల్‌కీపర్ గట్టిగా ఏడ్చింది. మా కెప్టెన్ మాత్రం అవతలి జట్టు వాళ్ళతో మాట్లాడి, అందరినీ ట్రాము పట్టాల పక్కనున్న ఖాళీ జాగాకు నడిపించి, చెప్పులే గోలుపోస్టులుగా పెట్టించి, గంటన్నర ఆడించింది. నాన్నగారు ఒక చెట్టు కింద నిలబడి, చేతిలోని ఝాల్‌మురీ (కారం మరమరాలు) తినడం కూడా మరిచిపోయి చూశారు. ఆయన చూసిన నా కలకత్తా ఆట అదొక్కటే, అది ఏ పాయింట్ల పట్టికలోనూ లేదు.

అందుకే ఈ లీగ్ చరిత్రను విజేతల జాబితాగా రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆడపిల్లల చదువు కోసం, బాల్యవివాహాలను ఆపడం కోసం 2013లో వచ్చిన కన్యాశ్రీ అనే బెంగాల్ ప్రభుత్వ పథకం పేరును 2019–20 సీజన్‌లో ఈ పోటీకి పెట్టారు. దానివల్ల పేరు నలుగురికీ తెలిసింది, అది మంచిదే. కానీ ఆ పేరు రాకముందు పాతికేళ్ళకు పైగా దీన్ని బతికించింది, ఆట ఉంటుందో లేదో తెలియకపోయినా మొదటి లోకల్ ఎక్కి వచ్చిన అమ్మాయిలేనని నేను ఎక్కడైనా వాదిస్తాను.

మన తెలుగువాళ్ళ సంగతి చెప్పకపోవడమే మేలు. 2024–25లో కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్ జాతీయ స్థాయి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య ఉంది. మా బంధువుల్లో ఒక్కరికీ ఆమె పేరు తెలియదు, క్రికెట్ వేలంలో ఎవరు ఎంత పలికారో మాత్రం అందరికీ నోటి లెక్కే.

కప్పుకు కొత్త పేరు పెట్టారని నాన్నగారికి ఫోన్‌లో చెబితే, ఆయన ఒక్క మాటే అడిగారు: "మైదానం ఖాళీ చేసి ఇస్తున్నారటా అమ్మా?"