మొదటి కారు, డ్రిఫ్టింగ్ రెండూ ఒకే బండితో వద్దు తమ్ముడూ

అనంతపురం నుంచి ఒక తమ్ముడు రాశాడు. వయసు 24, పెనుకొండ దగ్గర కారు విడిభాగాల కంపెనీలో ఉద్యోగం, చేతికొచ్చేది 34,000. ఇంటికి 10,000 పంపుతాడు, రూముకీ తిండికీ 9,000, బైకు పెట్రోలు, ఫోను వగైరా 3,000. బ్యాంకులో 1,80,000 ఉంది. డ్రిఫ్టింగ్, అంటే వెనక చక్రాలు జారేలా చేస్తూ బండిని అదుపులోనే మలుపు తిప్పడం, నేర్చుకోవాలని చాలా కోరిక. బెంగళూరులో ఒకాయన 2011 నాటి బీఎండబ్ల్యూ 320డి 5,50,000కి ఇస్తానంటున్నాడట. 1,50,000 చేతి నుంచి పెట్టి, మిగతా 4,00,000కి 14 శాతం వడ్డీతో నాలుగేళ్ల లోను తీసుకోవాలని ఆలోచన. "అన్నా, డ్యూటీకీ అదే, డ్రిఫ్టింగ్‌కీ అదే, తీసుకోవచ్చా? ఆదివారంలోపు 20,000 టోకెన్ ఇవ్వమంటున్నారు" అని అడిగాడు.

తమ్ముడూ, వద్దు. కోరిక మానుకోమని కాదు, ఆ బండి, ఆ లోను వద్దు అంటున్నాను.

ముందు ఈఎంఐ చూద్దాం. 4,00,000కి 14 శాతంతో 48 నెలలంటే నెలకు సుమారు 10,930. నీ ఖర్చులు పోను మిగిలేది 12,000, అంటే ఈఎంఐ కట్టాక చేతిలో ఉండేది వెయ్యి చిల్లర. అందులోనే డీజిల్, ఇన్సూరెన్స్, సర్వీసింగ్, టైర్లు, ఇంకా నువ్వు బెంగళూరు వెళ్లొచ్చే ఖర్చు! నాన్న బుడ్డల (వేరుశనగ) పంట వేస్తారని కూడా రాశావు. మన జిల్లాలో వాన ఒక్క నెల మొహం చాటేస్తే ఇంటికి పంపే 10,000 పదిహేను వేలు అవుతుంది, అది నీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగేళ్లలో వడ్డీ కిందే లక్షా పాతిక వేల దాకా పోతుంది.

ఇక బండి సంగతి. ఆ కాలపు 320డిలో వచ్చిన ఎన్47 అనే డీజిల్ ఇంజన్‌కు టైమింగ్ చైన్ (ఇంజన్ లోపలి భాగాలు సరైన సమయానికి కదిలేలా తిప్పే గొలుసు) అరిగి తెగే సమస్య ఉందని మెకానిక్‌లందరికీ తెలుసు. ఆ చైన్ ఇంజన్ వెనక వైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సో ఇంజనో దించాల్సిందే, పార్టు ధర కంటే కూలి ఎక్కువ. తెగితే ఇంజనే పోవచ్చు. స్టార్ట్ చేయగానే వెనక నుంచి గలగలమనే చప్పుడు వస్తోందా అని ఎవరైనా చల్లటి ఇంజన్ మీద విని చూశారా? 2011లో రిజిస్టర్ అయిన బండి ఆర్‌సీ 2026తో పదిహేనేళ్లు నిండుతుంది, ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి. కర్ణాటక నంబరు కనుక ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, ఏపీ నంబరుకు మార్చుకోవాలి. ఇవేవీ 5,50,000లో లేవు.

అసలు డ్రిఫ్టింగ్‌లో డబ్బు తినేది కారు ధర కాదు, టైర్లు. గట్టిగా ప్రాక్టీసు చేస్తే ఒక్క రోజులోనే వెనక టైర్లు రెండూ గుండు అయిపోతాయి. ఆ కారుకు 205/55 ఆర్16 సైజు మామూలు టైరే ఒక్కోటి ఏడెనిమిది వేలు అనుకుంటే, ఒక ఆదివారం సరదాకి పదిహేను వేలు, అంటే నీ జీతంలో సగం దగ్గర దగ్గర. పైగా కంపెనీ నుంచి వచ్చిన మామూలు డిఫరెన్షియల్‌తో (ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే భాగం) పట్టు తప్పిన ఒక చక్రమే గిరగిరా తిరుగుతుంది, పొగ వస్తుంది, బండి మాత్రం నిలకడగా పక్కకు జారదు. ఒక్క చక్రమే అలా తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించాలంటే అది ఇంకో ఖర్చు. ఇంత చేసిన బండితోనే సోమవారం పొద్దున షిఫ్టుకు వెళ్లాలంటే, అది షెడ్డులో ఉన్న రోజున జీతం కట్. నేను వద్దనడానికి అసలు కారణం ఇదే.

డ్రిఫ్టింగ్‌కి మీ ఫ్రెండ్స్ ఓమ్ని, బొలెరో చెప్పారన్నావు. వెనక చక్రాలకు పవర్ వెళ్తుంది, నిజమే. కానీ ఎత్తు ఎక్కువ, ఓమ్ని అయితే వెడల్పు కూడా తక్కువ, పక్కకు జారుతూ రాయికో అంచుకో తగిలితే బోల్తా పడుతుంది. ఆ ఆలోచన పూర్తిగా వదిలేయ్.

రాత్రిళ్లు ఊరి బయట వెంచర్లలో ట్రై చేస్తామన్న మాట చదివి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. కరెంటు స్తంభాలు, కంకర, సగం కట్టిన ప్రహరీలు, చీకట్లో బైకు మీద ఇంటికెళ్లే మనిషి, అన్నీ ఆ ముప్పై అడుగుల రోడ్డు మీదే. జనానికి వచ్చి పోయే హక్కున్న చోటు ఏదైనా మోటారు వాహనాల చట్టం ప్రకారం పబ్లిక్ ప్లేసే. ప్రమాదకర డ్రైవింగ్ అని 184వ సెక్షన్ పెడితే మొదటిసారికే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు లేదా 1,000 నుంచి 5,000 జరిమానా, లేదా రెండూ. ఎవరికైనా దెబ్బ తగిలితే, పాలసీ షరతులు మీరినట్టు తేలితే, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు కట్టిన సొమ్ము నీ దగ్గర వసూలు చేసుకునే పరిస్థితి కూడా రావచ్చు. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ లాంటివి కారు పాలసీ కవర్ చేయదని పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది, తీసి చదువు.

మరి ఏం చేయాలి? నీ 1,80,000లో 1,32,000 ముట్టుకోవద్దు, ఎఫ్‌డీ వేసేయ్, అది ఆరు నెలల ఖర్చు. మిగిలిన 48,000 కారు కోసం పక్కన పెట్టు. నెలనెలా మిగిలే 12,000లో 8,000 ఆర్‌డీ కట్టు, 3,000 డ్రిఫ్టింగ్ కోసం విడిగా ఇంకో అకౌంట్లో, 1,000 టర్మ్ ఇన్సూరెన్స్‌కి. ఇంట్లో నీ జీతం మీద ఆధారపడ్డవాళ్లున్నారు కదా. టర్మ్ పాలసీ తీసుకునేటప్పుడు ఈ సరదా గురించి దాచకుండా ఫారంలో రాయి. ఏడాదికి కారు డబ్బు దాదాపు లక్షా నలభై ఐదు వేలు అవుతుంది, నువ్వు చెప్పిన 40,000 బోనస్ కలిస్తే ఓ పాత ఆల్టోనో వేగన్ఆరో లోను లేకుండా కొనొచ్చు. అదే నీ మొదటి కారు. పార్టులు అనంతపురంలోనే దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా విప్పుతాడు. దాన్ని డ్రిఫ్ట్ చేయకు.

ఆ 3,000 అకౌంట్ ఉంది చూశావా, ఏడాదికి 36,000, నేర్చుకోవడానికి అది తక్కువేం కాదు. బెంగళూరు ఇక్కడి నుంచి 210 కిలోమీటర్లు, ఉదయం బస్సెక్కి గో-కార్టింగ్ (చిన్న ఓపెన్ రేసు బండ్లు నడిపే) ట్రాక్‌కు వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కార్ట్‌లో ఇంజన్ వెనక ఇరుసునే తిప్పుతుంది, డిఫరెన్షియల్ ఉండదు, వెనక భాగం జారగానే స్టీరింగ్ ఎటు తిప్పాలి, యాక్సిలరేటర్ ఎంత వదలాలి అనేది చేతికీ నడుముకీ తెలిసిపోతుంది. అది వచ్చాక చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లోనో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో శిక్షణ రోజులు ఎప్పుడున్నాయో కనుక్కో, శిక్షణ ఇచ్చేవాళ్ల కారుతో నేర్చుకుంటే టైర్లు వాళ్లవి. జపాన్ కొండదారుల్లో ఈ ఆటకు పేరు తెచ్చిన కెయిచీ సుచియా నడిపిన టొయోటా ఏఈ86లో ఉన్నది 1.6 లీటర్ల ఇంజనే. పెద్ద కారు లేదని నువ్వు వెనకబడిపోవు.

రెండేళ్లు ఇలా చేశాక కూడా కోరిక ఇంతే గట్టిగా ఉంటే, జీతమూ పెరిగి ఉంటుంది కాబట్టి, అప్పుడు ట్రాక్‌కు మాత్రమే వాడే పాత బండి ఒకటి, అదీ సొంత డబ్బుతో, చూద్దాం. ఆ లెక్క నేనే వేసిస్తాను.

ఆదివారం టోకెన్ మాత్రం ఇవ్వకు. ఇప్పటికే పంపేసి ఉంటే, వెనక్కి కావాలని ఈ రాత్రికే వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడుగు, పేమెంట్ స్క్రీన్‌షాట్ దాచుకో, ఆయన ఏం జవాబిచ్చాడో నాకు పంపు.