తిరుపతిలో పాత చిన్న ఇల్లు కొనొచ్చా? ముందు వానలో చూడండి

మీరు అడిగింది ఇది: తిరుపతిలో నలభై ఏళ్ల నాటి ఇల్లు, ఇరవై అంకణాలు (మన కొలతలో 80 గజాలు), 40 లక్షలు చెబుతున్నారు. అది కొనాలా, లేక అదే డబ్బుతో ఫ్లాట్ తీసుకోవాలా?

కొనండి. కానీ మే నెలలో చూసి కొనకండి. మన ఊరికి అసలు వాన అక్టోబర్ తర్వాతే కదా. నవంబర్‌లో, గట్టి వాన పడిన మర్నాడు, బ్రోకర్‌కు చెప్పకుండా ఒక్కరే వెళ్లి చూడండి. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు నెలల తిరుగుడు, ఒక జత చెప్పులు ఖర్చయ్యాయి.

2021లో మేం బైరాగిపట్టెడలో అద్దెకుండేవాళ్లం. ఆగస్టులో ఒక ఇల్లు చూశాం. ఏ వీధో చెప్పను, అక్కడివాళ్లు అమ్ముకోవాలి కదా. ఆ ప్రాంతం పేరు చివర ‘గుంట’ అని ఉంది, అంతవరకు చెబుతా. కొర్లగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట... ఈ ఊళ్లో ఎన్ని గుంటలో చూడండి. పెద్దవాళ్లు ఊరికే పెడతారా ఆ పేర్లు? గుంట పోయింది, ఇళ్లు వచ్చాయి, నీళ్లకు మాత్రం పాత అడ్రసే గుర్తుంది.

సరే, ఆ ఇల్లు. కొత్తగా సున్నం కొట్టి ఉంది. లోపల కడప బండలు, చల్లగా ఉన్నాయి. వీధిలోంచి మూడు మెట్లు కిందికి దిగితే గడప. పాతకాలం ఇల్లు ఎంత అందంగా ఉందో అని ఆ మెట్ల మీద నిలబడి నేను ఫోటో కూడా తీసుకున్నా. పెరట్లో కరివేపాకు చెట్టు చూసి మా ఆవిడ సగం ఒప్పేసుకుంది. బ్రోకర్ గోడ మీద అరచేత్తో చరిచి, "గుండురాయి మాదిరి ఉండాది సామీ, పైన ఇంకో మిద్దె వేసుకోవచ్చు" అన్నాడు. కార్తీక పౌర్ణమి వెళ్లాక అడ్వాన్స్ ఇస్తామని మాటిచ్చాం.

నవంబర్ 18న పట్టుకుంది వాన. ఆ రోజు తిరుపతిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. కొండ మీదికి ఘాట్ రోడ్లు మూసేశారు, కపిలతీర్థం దగ్గర ఎర్రటి నీళ్లు మండపాన్ని కూడా దెబ్బతీశాయి. మర్నాడు సాయంత్రం కాస్త తెరిపి ఇచ్చాక నాకు ఎందుకో మనసు ఆగలేదు. స్కూటర్ మెయిన్ రోడ్డు మీదే పెట్టి, ప్యాంటు మడిచి ఆ సందులోకి నడిచాను. మోకాలి దాకా నీళ్లు. ఒక చెప్పు అక్కడే ఎక్కడో పోయింది.

ఇంటికి తాళం వేసి ఉంది. నేను ఫోటో తీసిన మూడు మెట్లు కనపడలేదు. వీధి నీళ్లన్నీ తలుపు సందుల్లోంచి లోపలికి జారుతున్నాయి. అప్పుడు అర్థమైంది ఆ మెట్లు ఎందుకున్నాయో. ఇంటిని కిందికి కట్టలేదండీ, రోడ్డే పైకి వచ్చింది. పాత సిమెంటు రోడ్డును తవ్వకుండా దాని మీదే ఇంకోటి, దాని మీద మరోటి వేసుకుంటూ పోతే ఇరవై ముప్పై ఏళ్లలో గడప గుంటలో పడుతుంది. రోడ్డు వేసే ముందు పాతది తీయాలని ఎవరికీ ఎందుకు తోచదో! కొలిచి బిల్లు రాసుకోవడం మాత్రం బాగా తెలుసు.

పక్కింట్లో ఒక అవ్వ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని పైన కూర్చుని ఉంది. పక్కనే బియ్యం మూట, టీవీ, ఒక పిల్లి. నన్ను చూసి, "కొంటామని వచ్చినోళ్లా?" అంది. అవునన్నాను. ఆ ఇంటి కిటికీ పక్కన గోడకున్న మేకు చూపించి, "ఆడిదాకా వచ్చినాయి ఒకసారి. ఆ గీత కనపడకుండానే కదా నాయనా మొన్న సున్నం కొట్టింది" అంది. ఆ మేకు నా నడుము ఎత్తులో ఉంది. ఆ అవ్వకు నేనిప్పటికీ సంక్రాంతికి అరిసెలు తీసుకెళ్తాను.

వారం తిరక్కుండానే శ్రీకృష్ణానగర్‌లో సంపు పైకి లేచిన సంగతి అయింది. ఒకావిడ లోపలికి దిగి కడుగుతుండగా, భూమిలో పాతిన సిమెంటు వరల ట్యాంకు అలా నిలువునా పైకి వచ్చేసింది. దేవుడి మహిమ అన్నవాళ్లూ ఉన్నారు. మహిమేం కాదు, నేల నానిపోయినప్పుడు కింది నీళ్లు ఖాళీ సంపును పడవలా పైకి నెడతాయి. సంపు ఉన్న పాత ఇల్లు కొంటే వానాకాలంలో దాన్ని పూర్తిగా తోడి కడగకండి.

తర్వాత 2022లో మేం కొన్నది ఇంకా చిన్నది, పదహారు అంకణాలే. కానీ రోడ్డు కంటే గడప జానెడు ఎత్తులో ఉంది. ఈసారి మా ఊరి మేస్త్రీని వెంటబెట్టుకుపోయాను. ఆయన ఇల్లంతా చూడనే లేదు. చీపురు కర్ర తీసుకుని శ్లాబు కింద వరసగా తట్టుకుంటూ పోయాడు. టంగుమంటే సరే, వంటింటి మూలకు వచ్చేసరికి గుల్ల శబ్దం. అక్కడ ఒక దెబ్బ వేస్తే పెచ్చు ఊడి పడింది, లోపల కమ్మీ తుప్పుపట్టి పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. ఇంటాయన ముఖం మాడిపోయింది. తర్వాత పెరటి గోడకు పూత ఊడిన చోట ఇటుకల మధ్య మేకుతో గీకాడు. బూడిద రంగులో గట్టిగా ఉంటే సిమెంటు. రాలింది ఎర్రమట్టి. "మట్టితో కట్టినారు సామీ. ఇట్లనే ఉంటే ఇంకో ముప్పై ఏళ్లు ఉంటాది. పైన మిద్దె అన్నారంటే మాత్రం నేను రాను" అన్నాడు. బ్రోకర్ ‘పైన వేసుకోవచ్చు’ అన్నప్పుడల్లా ఆ మేకు గుర్తు తెచ్చుకోండి.

నా లెక్క ఒకటే. ఇంత పాత ఇంట్లో కట్టడం విలువ సున్నా వేయండి, స్థలానికే ధర కట్టండి. కట్టడం నిలబడితే అది మీ అదృష్టం. మేం అలాగే బేరమాడాం, ఆ ఊడిన పెచ్చు మాకు లక్షన్నర తగ్గించింది.

అంకణాల దగ్గర మాత్రం జాగ్రత్త. మనకు అంకణం అంటే 36 చదరపు అడుగులు. నెల్లూరు వైపు 72. మా బావగారిది నెల్లూరు. పదహారు అంకణాలని ఫోన్లో చెప్పగానే, "అంత తక్కువకు వస్తోందా? వెంటనే పట్టేయ్, పక్కది కూడా అడుగు" అని ఎగిరి గంతేశాడు. తీరా వచ్చి చూసి, "మిగతా సగం ఎక్కడరా?" అన్నాడు. మీ ఇరవై అంకణాలంటే 720 అడుగులు, అంటే 80 గజాలు. టేపు మీరే పట్టండి, పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే అది ఎవరిదో డాక్యుమెంట్‌లో చెక్కుబందీ, అంటే నాలుగు వైపుల హద్దులు చూసి తేల్చుకోండి.

కాగితాల గురించి లాయర్ చెబుతాడు, నేను రెండే చెబుతా. 1843 నుంచి 1933 దాకా తిరుమల గుడి పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. ఈ ఊరి చుట్టూ మఠం భూములు, దేవస్థానం భూములు బోలెడు. కాబట్టి సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయని భూముల జాబితా) ఉందో లేదో అడ్వాన్స్ ఇవ్వకముందే చూడండి. రెండోది, తండ్రి పోయాక కొడుకులు అమ్ముతుంటే అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా పెట్టించండి. ‘మా అక్క ఏమీ అనదు’ అనే మాట నమ్మితే తర్వాత కోర్టులో ఆ అక్కే కనపడుతుంది.

డబ్బు సంగతి. 40 లక్షల ఇంటికి బ్యాంకు ఎంత ఉదారంగా ఇచ్చినా 80 శాతం, అంటే 32 లక్షలు దాటదు. అది కూడా వాళ్ల వాల్యుయర్ 40 అని రాస్తేనే. పాత ఇంటిని చూసి అతను ముఖం చిట్లిస్తే అంతకన్నా తక్కువే. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 3 లక్షలు చేతి నుంచే. రిపేర్లకు కనీసం రెండు మూడు లక్షలు పక్కన పెట్టుకోండి. ఇవన్నీ కలిపితే మీ బడ్జెట్ 40 కాదు, 46.

వాస్తు గురించి నన్ను అడగకండి. మా ఇంటికి వాస్తు చూసినాయన వంటింటి తలుపు మార్చమని పద్దెనిమిది వేలు ఖర్చు పెట్టించాడు. శ్లాబు మూల కారుతున్న సంగతి ఆయన కంట పడలేదు.

ఫ్లాట్ మంచిదా అని కూడా అడిగారు కదా. ఫ్లాట్ల గురించి నాకు తెలీదు. మా బావగారు నెల్లూరులో తీసుకున్నారు, ఐదో అంతస్తు. మొన్న లిఫ్ట్ పనిచేయక గ్యాస్ సిలిండర్ మోసుకెళ్లి నడుం పట్టేసింది, ప్రస్తుతం మా ఇంట్లోనే ఉన్నారు. కింది అంతస్తు కదా, హాయిగా ఉందట.